పరాయివాడి బల్ల దగ్గర



ఈ వారం ఒక చిన్న ప్రశ్న తీసుకుందాం. మన పిల్లలు దుబాయ్‌లోనో, కువైత్‌లోనో, అమెరికాలోనో ఉద్యోగం చేసుకుంటూ, సెలవునాడు భార్యాబిడ్డలతో కలిసి పాకిస్తాన్ వారి హోటల్లో భోజనం చేయవచ్చునా, చేయరాదా? చూడడానికి ఇది తిండికి సంబంధించిన ప్రశ్న. కాని తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, దీన్ని లాగితే దేశభక్తి, మతం, కులం అన్నీ కదులుతాయి.

బందరులో గాని, గుడివాడలో గాని, అవనిగడ్డలో గాని పాకిస్తాన్ వారి హోటలు మీరు చూసి ఉండరు. అయినా ఈ ప్రశ్న మన విచారణల్లోకి వచ్చి కూర్చుంది. మన ఇళ్ళ పిల్లలు ఒకరు నర్సుగా, ఒకరు డ్రైవరుగా, ఒకరు కంప్యూటర్ ఉద్యోగిగా పరదేశాల్లో ఉన్నారు. అక్కడినుంచి ఫోనులో ఫోటో వస్తుంది. పెద్ద పళ్ళెంలో వేడి రొట్టెలు, మాంసం కూర, పక్కన నవ్వుతున్న మనవడు. వెనుక బోర్డుమీద పేరు చూసి ఇక్కడ తాతగారి ముఖం మారిపోతుంది. “అంత దూరం పోయి వాళ్ళ హోటలే దొరికిందట్రా?” అంటారు. నాయనమ్మగారి సందేహం మరొకటి. “అది హలాల్ మాంసం కదరా, మనం తినవచ్చా?” అని ఆమె అడుగుతుంది. ఇద్దరినీ చూసి నవ్వవద్దు. ఇద్దరి ప్రశ్నలోనూ బరువు ఉంది.

ముందుగా ఆ హోటలు ఎలాంటిదో చూద్దాం. దుబాయ్ నగరంలో సత్వా అనే పేటలో ‘రవి రెస్టారెంట్’ అని ఒకటి ఉంది. ఒక పాకిస్తానీ కుటుంబం 1978లో పెట్టినది. ఆడంబరం లేని చోటు. టాక్సీ డ్రైవర్లు, కూలీలు, గుమాస్తాలు, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన సంసారులు, తెల్లదొరలు అందరూ ఆ బల్లల దగ్గరే కూర్చుంటారు. పప్పు, కడాయి కోడికూర, తందూరి రొట్టె తక్కువ ఖర్చులో దొరుకుతాయి. ఇలాంటి హోటళ్ళు గల్ఫు దేశాల్లో ఎన్నో ఉన్నాయి. అమెరికాలో షికాగో నగరపు డెవాన్ అవెన్యూ అనే వీధిలో ఒక భాగానికి గాంధీ మార్గ్ అనీ, ఇంకొక భాగానికి మహమ్మద్ అలీ జిన్నా వే అనీ గౌరవ నామాలు పెట్టారు. ఇక్కడ యుద్ధాలు చేసుకున్న రెండు దేశాలవారు అక్కడ ఒకే వీధిలో హోటళ్ళు నడుపుకుంటున్నారు. ఆ హోటళ్ళలో పేరుపడిన నిహారి అనే మాంసం కూర కూడా పాత ఢిల్లీ వంటే. 1947 విభజనలో ఢిల్లీ విడిచి కరాచీ వెళ్ళినవారితో అదీ సరిహద్దు దాటింది.

ఇక తాతగారి ప్రశ్న. శత్రుదేశంవాడికి మన రూపాయి ఎందుకు పోవాలి?

ఈ మాటను తేలికగా కొట్టివేయరాదు. 2025 ఏప్రిల్ 22న కాశ్మీరులోని పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. చంపేముందు మతం అడిగారని బ్రతికి బయటపడ్డవారు చెప్పారు. చనిపోయినవారిలో మన ఆంధ్ర రాష్ట్రంవారు ఉన్నారు. ఒక క్రైస్తవుడు ఉన్నాడు. పర్యాటకులను గుర్రంమీద తిప్పి పొట్టపోసుకునే ఒక కాశ్మీరీ ముస్లిం కూడా ఉన్నాడు. మే 7న మన సైన్యం ఆపరేషన్ సిందూర్ చేపట్టింది. మే 10న కాల్పుల విరమణ ప్రకటించే లోపలే, సరిహద్దులో మన శ్రీ సత్యసాయి జిల్లా యువసైనికుడు ఒకడు ప్రాణం వదిలాడు. ఆ తల్లిదండ్రుల కడుపుకోత ముందు మనం ఏ నీతివాక్యం చెప్పినా మెల్లగానే చెప్పాలి.

అయినా చెప్పవలసినది ఉంది. కాల్చినవాడి పాపం, కాల్పించినవాడి పాపం, సత్వాలో రొట్టె కాల్చేవాడికి ఎలా అంటుకుంటుంది? తండ్రి దోషం కొడుకు మోయడనీ, పాపం చేసినవాడే దాని ఫలం అనుభవిస్తాడనీ యెహెజ్కేలు ప్రవక్త 18వ అధ్యాయంలో బోధించాడు. తండ్రి దోషమే కొడుకుకు అంటనప్పుడు, ప్రభుత్వం చేసిన దోషం పొట్టచేతబట్టుకుని దేశం విడిచిపోయిన వంటవాడికి అంటుతుందా?

“అతడికి అంటకపోవచ్చు, మన డబ్బు ఆ దేశానికి చేరుతుంది కదా” అని మీరు అనవచ్చు. దీనికి మన నీతిశాస్త్రంలో ఒక మంచి విభజన ఉంది. 18వ శతాబ్దంలో పునీత అల్ఫోన్స్ లిగోరిగారు దాన్ని చక్కగా వివరించారు. ఒకడు చేసే చెడుపనికి మరొకడు తోడ్పడడం రెండు విధాలు. ఆ చెడును తానూ కోరి తోడ్పడడం మొదటిది. అది ఎన్నడూ తగదు. చెడును కోరకుండా, తన మామూలు పనిలో దానికి ఎక్కడో తగలడం రెండవది. ఇక్కడ ఆ తగిలింది ఎంత దగ్గరగా, మనం చేసే పనికి తగిన కారణం ఉన్నదా అని తూచి చూడాలి. మోటారు సైకిలుకు పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ మన డబ్బు ఎన్ని దేశాలు దాటి ఎవరి చేతిలో పడుతుందో ఆలోచించండి. అంత దూరపు లెక్కలన్నీ మన పద్దులో వేస్తే బ్రతకడమే పాపమవుతుంది. హోటలువాడికి ఇచ్చిన డబ్బులో దుకాణం అద్దె, పిండి, మాంసం, పనివాళ్ళ జీతాలు ఉంటాయి. మిగిలింది వాడి పిల్లల చదువుకు పోతుంది. ఫలానా యజమాని హంతకులకు డబ్బు పంపుతున్నాడని నిజంగా తెలిస్తే అది వేరే మాట. అప్పుడు ఆ హోటలు మానవలసిందే. కాని పుట్టిన దేశం పేరు చూసి అనుమానించడం తెలిసినట్టు కాదు.

పేరుచూసి కోపగించుకుంటే ఏమవుతుందో మన హైదరాబాదులోనే చూశాం. మొజంజాహి మార్కెట్ దగ్గరి కరాచీ బేకరీ బిస్కెట్లు తినని తెలుగువారు అరుదు. దాన్ని 1953లో పెట్టినది ఖాన్‌చంద్ రమ్నాని అనే సింధీ హిందువు. విభజన రోజుల్లో ఉన్న ఊరు వదులుకుని వచ్చినవాడు. పోగొట్టుకున్న ఊరి పేరును దుకాణానికి పెట్టుకున్నాడు. 2019లో పుల్వామా దాడి తరువాత బెంగళూరులో ఆ పేరును గుడ్డతో కప్పవలసి వచ్చింది. 2025 మేలో శంషాబాద్ శాఖ బోర్డుమీద కొందరు దాడి చేశారు. పాకిస్తాన్ ఏర్పడడంవల్ల నష్టపోయినవాడి బోర్డునే పాకిస్తాన్‌మీది కోపంతో కొట్టారన్నమాట. కోపానికి అక్షరాలు కనిపిస్తాయి గాని మనిషి కనిపించడు.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. బిడ్డను పోగొట్టుకున్న ఇంటివారు “ఆ బల్ల దగ్గర నాకు ముద్ద దిగదు” అంటే వారిని తప్పుపట్టకండి. అది వారి దుఃఖం. దుఃఖానికి దాని ఉపవాసం ఉంటుంది. అయితే ఎవరి ఉపవాసం వారిదే. తాను మానుకోవడం వేరు, తినేవాణ్ణి ద్రోహి అనడం వేరు.

ఇప్పుడు నాయనమ్మగారి ప్రశ్నకు వద్దాం. హలాల్ మాంసం క్రైస్తవుడు తినవచ్చా?

దాదాపు ఇలాంటి ప్రశ్నే కొరింతు పట్టణపు తొలి క్రైస్తవులకు వచ్చింది. అక్కడి అంగడిలో అమ్మే మాంసంలో విగ్రహాలకు అర్పించినది కూడా ఉండేది. పునీత పౌలుగారు తమ మొదటి లేఖ 8, 10 అధ్యాయాల్లో దీనికి జవాబు చెప్పారు. ఆయన మాటల సారం ఇది: భూమీ, దానిలోని సమస్తమూ ప్రభువువే. అంగడిలో అమ్మేది ఆరాలు తీయకుండా తినవచ్చు. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వెళ్ళి, పెట్టినది తినవచ్చు. అయితే నా తిండివల్ల బలహీనుడైన సోదరుడు పడిపోయేటట్టయితే నేను మానుకుంటాను.

కొరింతులో ఉన్నంత చిక్కు హలాల్‌లో లేదు. ముస్లిములు విగ్రహానికి అర్పించరు. దేవుని పేరు పలికి జంతువు మెడ కోసి, రక్తం కారనిస్తారు. వారు ఆరాధించేది సృష్టికర్త అయిన ఏక దేవుణ్ణేననీ, శ్రీసభ వారిని గౌరవంతో చూస్తుందనీ రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన ‘నోస్త్రా ఏతాతె’ ప్రకటనలో స్పష్టం చేసింది. అంతెందుకు, మన పట్టణాల్లో సాయిబుగారి కొట్టులో మాంసం కొనని ఇల్లు ఎన్ని? ఆదివారం పూజ కాగానే ఆ కొట్టు ముందు వరుసలో నిలబడిన మనకు, దుబాయ్ చేరేసరికి కొత్తగా సందేహం ఎందుకు రావాలి?

బందరువారికి ఈ సందేహం అసలే తగదు. ‘బందరు’ అన్న మాటే పారశీకం, రేవు అని అర్థం. గోలకొండ నవాబుల కాలంలో పారశీక వర్తకులు ఈ రేవునుంచే ఓడలు నడిపారు. పెడనలో నేటికీ అద్దుతున్న కలంకారీకి ఆ పేరు పెట్టింది వారి భాషే. మనం ఇష్టంగా తినే హల్వా పేరు అరబ్బీ, బిర్యానీ పేరు పారశీకం. పరాయివాడి వంట మన ఊరికి వచ్చి, మన వంటయి, మన పెళ్ళిళ్ళలో వడ్డన అయింది. నాలుక ఏనాడో ఒప్పుకున్నదాన్ని మనసు ఒప్పుకోవడానికి ఇంత ఆలస్యం!

పౌలుగారి చివరిమాట కూడా మరువరాదు. నీ పక్కన కూర్చున్నవాడి మనసు నొచ్చుకుంటుందంటే, నీకు హక్కు ఉన్నా ఆ పూట పప్పు, రొట్టె తిను. శుక్రవారం మాంసం మానుకునే అలవాటు నీకుంటే అక్కడా మానుకో. అది హోటలువాడిమీద అసహ్యంతో చేసే పని కాదు, నీ భక్తితో చేసే పని. రెంటికీ తేడా నీ మనస్సాక్షికి తెలుసు.

మూడవ ప్రశ్న కొంచెం చదువుకున్న యువకులు అడిగేది. “ఫాదర్, పాకిస్తాన్‌లో మన క్రైస్తవులను హింసిస్తున్నారు కదా! వాళ్ళ బల్ల దగ్గర ఎలా కూర్చోమంటారు?”

నిజమే. ఆసియా బీబీ అనే కతోలిక స్త్రీ కథ మీకు గుర్తుండే ఉంటుంది. 2009 జూన్‌లో ఆమె పంజాబు రాష్ట్రంలోని ఒక పల్లెలో కూలిపనికి వెళ్ళింది. దాహమై నీళ్ళు తెచ్చింది. క్రైస్తవురాలు ముట్టిన పాత్రలో నీళ్ళు తాగం అని తోటి కూలి ఆడవాళ్ళు అన్నారు. మాటకు మాట పెరిగింది. ఆమె ప్రవక్తను దూషించిందని కేసు పెట్టారు. 2010లో మరణశిక్ష విధించారు. ఆమె పక్షాన మాట్లాడిన పంజాబు గవర్నరు సల్మాన్ తాసీర్‌ను 2011 జనవరి 4న ఆయన అంగరక్షకుడే కాల్చి చంపాడు. అదే సంవత్సరం మార్చి 2న కతోలిక మంత్రి షాబాజ్ భట్టీని కాల్చి చంపారు. చివరకు 2018 అక్టోబరు 31న పాకిస్తాన్ సుప్రీం కోర్టు ఆమె నిర్దోషి అని విడిచిపెట్టింది. ఈ కథలో హింసించినవారు ముస్లిములే. ఆమెకోసం ప్రాణమిచ్చిన గవర్నరూ, ప్రాణభయం ఉన్నా న్యాయం చెప్పిన న్యాయమూర్తులూ ముస్లిములే. ‘వాళ్ళు’ అని ఒకే మూటగా కట్టడానికి ఈ కథ వీలివ్వదు.

ఇంకొక విషయం గమనించండి. అంత ఘోరానికి మొదలు ఎక్కడుంది? ఒక గ్లాసు నీళ్ళ దగ్గర. ఆమె ముట్టినది మేము తాగం అన్న మాట దగ్గర. ప్రియ పాఠకులారా, ఈ మాట మన డెల్టాకు కొత్తదా? ఆంధ్ర పల్లెల్లో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి మనం ఎరగనిదా? కొందరికి లోపల బల్లమీద గ్లాసు, కొందరికి చూరులో పెట్టిన గ్లాసు. తాగినవాడే దాన్ని కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. ఆ చేదు రుచి తెలిసినవారి బిడ్డలు మన దేవాలయాల్లో ఎంతమంది లేరు? రాజ్యాంగం వ్రాసిన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే కులం, మతం, జన్మస్థలం వంటి కారణాలతో దుకాణాల్లోకి, హోటళ్ళలోకి ఎవరినీ రానీయకుండా చేయరాదని 15వ అధికరణంలో హోటళ్ళను పేరుపెట్టి మరీ వ్రాశారు. దేశానికి మూలమైన శాసనంలో హోటలు మాట ఎందుకు? మనిషిని మనిషిగా ఒప్పుకున్నామా లేదా అన్నది చివరకు తేలేది అన్నం దగ్గరే గనుక.

శ్రీసభ తొలి రోజుల్లోనూ ఈ సంగతి అన్నం దగ్గరే తేలింది. అంతియొకయలో పునీత పేతురుగారు మొదట యూదులు కాని విశ్వాసులతో కలిసి భోజనం చేశారు. యెరూషలేమునుంచి కొందరు రాగానే, వారేమనుకుంటారోనని మెల్లగా పక్కకు తప్పుకున్నారు. పౌలుగారు అందరి ఎదుట ఆయనను నిలదీశారు. గలతీయులకు వ్రాసిన లేఖ 2వ అధ్యాయం చదవండి. పేతురుగారు నోటితో ఏ తప్పుడు సిద్ధాంతమూ బోధించలేదు. బల్ల మార్చారు, అంతే. ఆ బల్ల మార్చడమే సువార్తకు విరుద్ధమైన బోధ అయిందని పౌలుగారి అభిప్రాయం. మనం ఎవరి పక్కన కూర్చుని తింటామో, ఎవరి పక్కనుంచి లేచిపోతామో, అది మన విశ్వాస ప్రమాణంలో చెప్పని భాగం.

కలిసి తింటే అన్యాయాన్ని ఒప్పుకున్నట్టా? కాదు. యేసు ప్రభువు జక్కయ్య ఇంటికి అతిథిగా వెళ్ళారు. జనం సణుగుకున్నారు. ఆ అన్యాయపు సొమ్మును ప్రభువు మెచ్చుకోలేదు. ఆయన రాకతో జక్కయ్యకే బుద్ధి పుట్టి, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలుగా తిరిగి ఇస్తానన్నాడు. మనమూ పాకిస్తాన్ హోటల్లో తిని వచ్చి, పహల్గాం మృతులకు న్యాయం కావాలని అడగవచ్చు. అక్కడి క్రైస్తవులకు రక్షణ కావాలని అడగవచ్చు. ఆకలి తీరినంత మాత్రాన నోరు మూతపడదు.

హోటలు గురించి ఎక్కువగా కూడా ఊహించుకోవద్దు. అది డబ్బిచ్చి తినే చోటు. మనకు రొట్టె కావాలి, వాడికి గిరాకీ కావాలి. బిల్లు కట్టి లేచిపోతాం. ఒక్క భోజనంతో స్నేహం పుట్టదు, యుద్ధం ఆగదు. అయినా హోటలులో ఒక మంచి గుణం ఉంది. నీ కులమేదని అడగదు. నువ్వు తిన్న పళ్ళేన్నే కడిగి తరువాతివాడికి పెడుతుంది. అందులో ప్రేమ లేకపోవచ్చు గాని, అవమానం లేదు. అవమానం లేకపోవడం ప్రేమకు మొదటి మెట్టు.

అసలు కష్టం ఆ తరువాత ఉంది. దుబాయ్‌లో పరాయి దేశంవాడి బల్ల దగ్గర తిన్నవాడు, సెలవుకు గుడివాడ వచ్చినప్పుడు తన ఊరి చివరి పేటలో, తనతోపాటు దివ్యసత్ప్రసాదం పుచ్చుకునే సోదరుడి ఇంట కూర్చుని తినగలడా? అక్కడ బిల్లు ఇచ్చి లేచిపోవడానికి లేదు. రేపు వాళ్ళను మన ఇంటికి పిలవాలి. దూరపు పరాయివాడితో తినడం సులభం, దగ్గరి పరాయివాడితో తినడమే కష్టం. అంటరానితనం ఘోరమైన సామాజిక పాపమని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో తన దళిత సాధికారతా విధానంలో ప్రకటించవలసి వచ్చిందంటే, ఆ పాపం ఇంకా మన గడప లోపలే ఉందన్నమాట. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత దివిసీమలో అన్నం పొట్లం అందించిన చేతి కులం అడిగే ఓపిక ఎవరికి ఉంది? చావు పక్కన నిలబడితే ఆ ప్రశ్న సిగ్గుపడి పారిపోయింది. నీళ్ళు తీశాక మళ్ళీ తిరిగి వచ్చింది.

కాబట్టి పరదేశంలోని మన పిల్లలకు చెప్పండి. ఆకలైతే తినండి. తినేముందు పదిమందిలో సిగ్గుపడకుండా సిలువ గుర్తు వేసుకోండి. వడ్డించే కుర్రవాణ్ణి గౌరవంగా పిలవండి. వాడూ అమ్మానాన్నలకు డబ్బు పంపుకునేవాడే. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్నవాడి ఎదుట ఆడంబరంగా తినకండి. రెండు దేశాల క్రికెట్టు పందెం ఉన్ననాడు వెటకారపు మాటలు వద్దు. బిల్లులో పొరపాటున తక్కువ వేస్తే చెప్పి పూర్తిగా కట్టండి.

ఇక మన సంగతి. త్వరలో మీ విచారణ పండుగ వస్తుంది, ప్రేమవిందు ఉంటుంది. ఆ రోజు మీ విస్తరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో, ఎవరు ఎప్పుడూ చివరి పంక్తికే మిగులుతున్నారో ఒకసారి తల తిప్పి చూడండి. ఖాళీ ఉంటే కొంచెం జరిగి, “రండి, ఇక్కడ కూర్చోండి” అని పిలవండి.